గస్తీ రైఫిల్‌కు రెడ్ డాట్ సైట్: తక్కువ ఖర్చులో సరైన ఎంపిక

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు
- రెడ్ డాట్ సైట్ ఏ కాంతి సూత్రంపై పనిచేస్తుందో వివరించగలుగుతారు.
- చుక్క పరిమాణం, బ్యాటరీ ఆయుష్షు, గురి సవరణ వంటి వాటిని లెక్కకట్టగలుగుతారు.
- ఉత్తరాంధ్ర వాతావరణానికి, ఇక్కడి పోలీసు విధులకు తగిన కనీస లక్షణాలను జాబితాగా రాయగలుగుతారు.
- 'తక్కువ ధర', 'తక్కువ ఖర్చు' అనే మాటల మధ్య తేడాను అంకెలతో చూపగలుగుతారు.

1. ప్రస్తావన

విజయనగరంలో ఒక ఆదివారం కాంటాక్ట్ తరగతిలో నేను కటకాలు, దర్పణాల పాఠం చెబుతున్నాను. వెనక బెంచీలో కూర్చున్న విద్యార్థి ఒకాయన లేచి నిలబడ్డాడు. ఆయన ఆర్మ్‌డ్ రిజర్వు కానిస్టేబులు. వయసు నలభై దాటింది. "మాస్టారూ, తుపాకి మీద ఆ ఎర్రచుక్క పెట్టుకుంటే గురి తప్పదంటారు, నిజమేనాండీ? ఒకవేళ నిజమే అయినా అంత ఖరీదుది మాకెవరు కొంటారండీ?" అని అడిగాడు.

ఆయన అడిగినవి రెండు ప్రశ్నలు. మొదటిది భౌతికశాస్త్రానికి చెందినది. రెండవది ప్రభుత్వ పరిపాలనకు చెందినది. రెండింటినీ విడదీసి జవాబు చెప్పడం కుదరదు. పరికరం ఎలా పనిచేస్తుందో తెలియని కొనుగోలు సంఘం ధర చూసి సంతకం పెడుతుంది. కొనుగోలు నిబంధనలు తెలియని నిపుణుడు ఎవరూ కొనలేని పరికరాన్ని సిఫారసు చేస్తాడు. అందుచేత ఈ పాఠంలో రెండు ప్రశ్నలనూ కలిపి చర్చిద్దాం.

ఇది మన ప్రాంతానికి దూరపు విషయం కాదు. 1967 అక్టోబరు 31న పార్వతీపురం ఏజెన్సీలోని లేవిడి వద్ద జరిగిన కాల్పుల్లో ఇద్దరు గిరిజనులు మరణించారు. ఆ తరువాత శ్రీకాకుళ గిరిజన పోరాటం, దానిని అణచడానికి వచ్చిన సాయుధ పోలీసు బలగాలు ఈ కొండల్లో చాలాకాలం నిలిచాయి. 1989లో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ గ్రేహౌండ్స్ దళాన్ని ఏర్పాటు చేసింది. ఆంధ్రా-ఒడిశా సరిహద్దు గాలింపులు ఒక తరం జ్ఞాపకంలో భాగమయ్యాయి. తుపాకి ఎవరి చేతిలో ఉన్నా, గురి తప్పిన తూటా ఎవరికి తగులుతుందో చెప్పలేమని ఇక్కడి ఊళ్లకు ఎవరూ నేర్పనక్కరలేదు. గురి పరికరం ఎంపికను వస్తువుల కొనుగోలుగా మాత్రమే చూడకూడదనడానికి కారణం ఇదే.

2. గస్తీ రైఫిల్ అంటే ఏమిటి?

'పేట్రోల్ రైఫిల్' అనే మాట అమెరికా పోలీసు వాడుక నుంచి వచ్చింది. 1997 ఫిబ్రవరి 28న లాస్ ఏంజెలెస్ నగరంలోని నార్త్ హాలీవుడ్‌లో కవచాలు ధరించిన ఇద్దరు బ్యాంకు దొంగలు ఆటోమేటిక్ రైఫిళ్లతో కాల్పులు జరిపారు. అక్కడికి చేరిన గస్తీ పోలీసుల దగ్గర ఉన్నవి పిస్తోళ్లు, షాట్‌గన్లు మాత్రమే. ఆ ఘటన తరువాత సాధారణ గస్తీ సిబ్బందికి కూడా రైఫిల్ ఇవ్వాలనే ఆలోచన అక్కడ బలపడింది. మన దేశంలో 2008 నవంబరు 26న ముంబయి ఛత్రపతి శివాజీ టెర్మినస్‌లో ఇలాంటి లోటే బయటపడింది.

మన జిల్లాల్లో ఈ పేరుతో ప్రత్యేకమైన రైఫిల్ ఉండదు. ఆర్మ్‌డ్ రిజర్వు సిబ్బంది, స్పెషల్ పార్టీలు, ప్రత్యేక పోలీసు పటాలాలు గస్తీకి, గాలింపుకు, కాపలాకు తీసుకువెళ్లే రైఫిల్‌నే మనం గస్తీ రైఫిల్ అనుకోవాలి. భారతీయ పోలీసు బలగాలలో 7.62 మి.మీ. ఎస్.ఎల్.ఆర్., 5.56 మి.మీ. ఇన్సాస్, ఏకే-47 తరహా రైఫిళ్లు ఎక్కువగా కనిపిస్తాయి. వీటిలో పాతవాటిని తయారుచేసిన కాలానికి రెడ్ డాట్ సైట్ బిగించాలన్న ఆలోచనే లేదు. ఈ సంగతి ముందు ముందు మన ఎంపికను బాగా ప్రభావితం చేస్తుంది.

3. చుక్క ఎలా పనిచేస్తుంది?

మామూలు రైఫిల్‌పై రెండు ఇనుప గురులుంటాయి. కంటికి దగ్గరగా బ్యాక్‌సైట్, గొట్టం చివర ఫోర్‌సైట్. కాల్చే వ్యక్తి బ్యాక్‌సైట్, ఫోర్‌సైట్, లక్ష్యం అనే మూడింటినీ ఒకే రేఖలోకి తేవాలి. ఇక్కడ మన కన్ను ఒక అడ్డంకి. కంటి కటకం ఒక సమయంలో ఒకే దూరంలోని వస్తువును స్పష్టంగా చూపగలదు. ఫోర్‌సైట్ స్పష్టంగా ఉంటే లక్ష్యం మసకబారుతుంది. లక్ష్యం స్పష్టంగా ఉంటే ఫోర్‌సైట్ మసకబారుతుంది. నలభై ఏళ్లు దాటాక వచ్చే చత్వారంతో ఈ ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. మా తరగతిలోని కానిస్టేబులుకు ఆ ప్రశ్న ఎందుకు పుట్టిందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

రెడ్ డాట్ సైట్ ఈ మూడింటిని రెండుగా తగ్గిస్తుంది. అందులో ఒక చిన్న ఎర్రటి ఎల్.ఈ.డి. ఉంటుంది. దాని ఎదుట కొద్దిగా వంపు తిరిగిన గాజు కటకం ఉంటుంది. ఎరుపు కాంతిని మాత్రమే తిప్పికొట్టి, మిగిలిన కాంతిని లోపలికి రానిచ్చే పలుచని పూత ఆ గాజుపై ఉంటుంది. ఎల్.ఈ.డి.ని సరిగ్గా ఆ వక్రతలం నాభి వద్ద అమరుస్తారు. నాభి నుంచి బయలుదేరిన కిరణాలు పుటాకార తలంపై పరావర్తనం చెంది సమాంతర కిరణాలుగా మారతాయని మీరు ముందు పాఠాల్లో చదివారు. సమాంతర కిరణాలు కంటికి చాలా దూరం నుంచి వచ్చినట్లే తోస్తాయి. అందువల్ల చుక్క, లక్ష్యం రెండూ ఒకేసారి స్పష్టంగా కనిపిస్తాయి. రెండు కళ్లూ తెరిచే గురిపెట్టవచ్చు. చుట్టుపక్కల ఎవరున్నారో కనిపిస్తూనే ఉంటుంది. పోలీసు విధుల్లో ఇది చిన్న లాభం కాదు.

ఎరుపు తిరిగి వెనక్కు పోవడం వల్ల అద్దంలోంచి చూసిన దృశ్యానికి కొద్దిగా నీలి-ఆకుపచ్చ ఛాయ వస్తుంది. నాణ్యమైన పరికరంలో ఈ ఛాయ తక్కువ. ఈ పరికరం ముందుకు లేజరు వంటి కిరణాన్ని పంపదు, ఎదుటి మనిషి మీద చుక్క పడదు. సినిమాలు చూసి చాలామంది ఇక్కడ పొరబడతారు.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1900లో డబ్లిన్ నగరానికి చెందిన దూరదర్శినుల తయారీదారు హోవర్డ్ గ్రబ్ ఇలాంటి పరావర్తన గురి పరికరాన్ని రూపొందించాడు. హైదరాబాదు నిజామియా వేధశాలలోని 15 అంగుళాల దూరదర్శిని కూడా గ్రబ్ సంస్థ పేరుతో ప్రసిద్ధమైనదే. నక్షత్రాలను చూపిన కటక విద్యే తుపాకి గురికీ ఉపయోగపడింది. ఎల్.ఈ.డి.లు వచ్చిన తరువాత స్వీడన్‌కు చెందిన ఎయిమ్‌పాయింట్ సంస్థ 1975లో తొలి ఎలక్ట్రానిక్ రెడ్ డాట్ సైట్‌ను మార్కెట్లోకి తెచ్చింది.

4. ఎంపికలో చూడవలసిన అంశాలు

4.1 చుక్క పరిమాణం

చుక్క పరిమాణాన్ని కోణంలో కొలుస్తారు. ఆ ప్రమాణం పేరు మినిట్ ఆఫ్ యాంగిల్, క్లుప్తంగా ఎంఓఏ. ఒక డిగ్రీలో 60వ వంతు ఒక ఎంఓఏ. 100 మీటర్ల దూరంలో ఇది సుమారు 2.9 సెం.మీ.కు సమానం. కాబట్టి 2 ఎంఓఏ చుక్క 100 మీటర్ల వద్ద 5.8 సెం.మీ. మేర లక్ష్యాన్ని కప్పుతుంది. 6 ఎంఓఏ చుక్క సుమారు 17.5 సెం.మీ. మేర కప్పుతుంది. పెద్ద చుక్క త్వరగా కంటికి ఆనుతుంది, కాని దూరంలో లక్ష్యాన్ని మింగేస్తుంది. చెక్‌పోస్టు దగ్గర 20 మీటర్లు, జీడితోటల గట్ల వెంట 80 మీటర్లు, కొండవాలులో 150 మీటర్లు అనుకుంటే 2 నుంచి 3 ఎంఓఏ చుక్క అన్నిటికీ సరిపోతుంది.

4.2 వెలుగు

నౌపడ ఉప్పుమడుల మీద మిట్టమధ్యాహ్నపు ఎండ, సీతంపేట కొండల్లో అమావాస్య రాత్రి రెండూ మన జిల్లాల్లోనివే. తెల్లటి నేల మీద చుక్క వెలిసిపోకూడదు. చీకట్లో ఆ వెలుగే కళ్లు చెదరగొట్టకూడదు. కాబట్టి వెలుగును పెంచడానికి, తగ్గించడానికి తగినన్ని మెట్లు ఉండాలి. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. మధ్యాహ్నం పన్నెండుకు సున్నం కొట్టిన గోడ వైపు గురిపెట్టి చూడాలి. రాత్రి దీపాలార్పి మళ్లీ చూడాలి.

4.3 బ్యాటరీ

ఏడాదికి 8,760 గంటలు. తయారీదారు 50,000 గంటలని రాస్తే, అది ఆపకుండా వెలిగించినా సుమారు 5.7 ఏళ్లు. అయితే ఆ అంకె ఒక మధ్యస్థమైన వెలుగు మెట్టు దగ్గర లెక్కకట్టినది. పూర్తి వెలుగులో వాడితే ఆయుష్షు చాలా తగ్గుతుంది. ఇంత ఆయుష్షు ఉంటే పరికరాన్ని ఆర్పకుండా వదిలేయవచ్చు. ఆపదలో మీట వెతుక్కునే అవసరం ఉండదు.

బ్యాటరీ రకం ఇంకా ముఖ్యం. సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ పలాసలోనూ పాలకొండలోనూ గడియారాల దుకాణంలో దొరుకుతుంది. డబుల్-ఏ బ్యాటరీ కిరాణా కొట్టులోనే దొరుకుతుంది. పెద్ద పేరున్న కొన్ని సైట్లు వాడే 1/3-ఎన్ రకం లిథియం బ్యాటరీని జిల్లా కేంద్రంలో కూడా వెతుక్కోవాలి. ఛార్జింగ్ మీద మాత్రమే నడిచేవి మనకు పనికిరావు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతాన్ని తాకిన తరువాత ఎన్నో ఊళ్లు రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపాయి. పోలీసుల అవసరం ఎక్కువగా ఉండేది సరిగ్గా అలాంటి రోజుల్లోనే.

పాడయినా కాకపోయినా ఏటా ఒకే రోజున బ్యాటరీలన్నీ మార్చే పద్ధతి మంచిది. పోలీసు అమరవీరుల సంస్మరణ దినమైన అక్టోబరు 21కి ముందు వారం అందరికీ గుర్తుంటుంది.

4.4 తేమ, ఉప్పుగాలి, బూజు

ఏసీ బస్సు దిగగానే కళ్లద్దాలు మసకబారడం మీకు అనుభవమే. చల్లని గాజుపై వేడిగాలిలోని తేమ పట్టడం దానికి కారణం. బయటి గాజుపై పట్టిన తేమను తుడవవచ్చు. లోపల పడితే తుడవలేం. అందుకే మంచి సైట్లలో గాలిని తీసివేసి పొడి నైట్రోజన్ నింపి మూసేస్తారు. సాంకేతిక వివరాల్లో ఐపీ 67 అని ఉంటే మొదటి అంకె ధూళి చొరదనీ, రెండవ అంకె మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు ఉన్నా పాడుకాదనీ తెలుపుతుంది. ఇంతకంటే తక్కువ రక్షణ ఉన్నదానిని కళింగపట్నం నుంచి ఇచ్ఛాపురం దాకా ఉన్న తీరంలో వాడడానికి కొనకూడదు.

కొన్ని సైట్లలో ఎల్.ఈ.డి. బయటికి తెరిచి ఉంటుంది. దానిపై ఒక వానచినుకు పడినా, బురద పడినా చుక్క మాయమవుతుంది. రెండువైపులా గాజుతో మూసిన గొట్టం వంటి నిర్మాణమే గస్తీకి మేలు.

4.5 మౌంట్

కొనుగోలుదారులు ఎక్కువగా మరిచిపోయేది ఇదే. సైట్‌ను రైఫిల్‌కు బిగించే అమరిక పేరు మౌంట్. కొత్త రైఫిళ్లపై పికాటినీ పట్టా ఉంటుంది. 1995లో అమెరికా సైన్యం ప్రమాణీకరించిన గాళ్ల పట్టా ఇది. దాని మీద ఏ సంస్థ సైట్ అయినా కూర్చుంటుంది. పాత ఇన్సాస్, ఏకే, ఎస్.ఎల్.ఆర్. రైఫిళ్లలో పైభాగం శుభ్రం చేయడానికి ఊడదీసే పలుచని రేకు మూత మాత్రమే. ఆ మూత మీద పట్టా అతికించి సైట్ బిగిస్తే, మూత కదిలిన ప్రతిసారీ గురీ కదులుతుంది. ఎంత ఖరీదైన సైటైనా వదులు మూతపై పెడితే దండగే. అందుకని మొదట ఆర్మరర్‌తో రైఫిల్‌ను పరీక్షింపజేసి, గట్టి భాగానికి బిగిసే మౌంట్ దొరుకుతుందో లేదో తేల్చుకోవాలి. దొరకకపోతే ఆ రైఫిల్‌కు సైట్ కొనకపోవడమే సరైన నిర్ణయం.

4.6 కన్ను

దృష్టివక్రత ఉన్నవారికి చుక్క గుండ్రంగా కాక తోకచుక్కలా, నక్షత్రంలా సాగి కనిపిస్తుంది. సిబ్బంది దీనిని సైట్ లోపమని తిప్పి పంపుతుంటారు. అదే సైట్‌ను ఫోన్ కెమెరాతో ఫొటో తీసి చూస్తే చుక్క గుండ్రంగా ఉందో లేదో తేలుతుంది. గుండ్రంగా ఉంటే చూపించుకోవలసింది కంటి వైద్యుడికి.

5. లోపం ఎక్కడైనా ఉండవచ్చు

ఖరీదే నాణ్యతకు హామీ అనుకోవడం కూడా పొరపాటే. 2015 నవంబరులో ఇయోటెక్ సంస్థ, దాని మాతృసంస్థ ఎల్-3 కమ్యూనికేషన్స్ అమెరికా ప్రభుత్వంతో 2.56 కోట్ల డాలర్లకు ఒక దావాను పరిష్కరించుకున్నాయి. చలిలోనూ తేమ వాతావరణంలోనూ తమ హోలోగ్రాఫిక్ సైట్లు చెప్పినట్లు పనిచేయవని తెలిసి కూడా సైన్యానికి, పోలీసు సంస్థలకు అమ్మారన్నది ఆ దావాలోని ఆరోపణ. ప్రపంచంలోనే పెద్ద కొనుగోలుదారుకు ఎదురైన అనుభవం ఇది. తేమ మన తీరంలో ఏడాది పొడుగునా ఉండేదే కదా.

మరో చివర నకిలీలున్నాయి. పేరున్న సంస్థల గుర్తులతో ఆట తుపాకుల కోసం చేసిన నకళ్లు ఆన్‌లైన్ అంగళ్లలో తక్కువ ధరకు దొరుకుతాయి. చూపులకు తేడా ఉండదు. నిజమైన రైఫిల్ వెనకతన్నుకు వాటి లోపలి భాగాలు నిలవవు. వరుస సంఖ్యను తయారీదారుతో సరిచూసుకోకుండా ఏదీ తీసుకోరాదు.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. నేను పనిచేసిన ఒక కళాశాలలో ప్రయోగశాలకు సూక్ష్మదర్శినులు కొన్నాం. అన్నిటికంటే తక్కువ ధర రాసినవారికే ఇచ్చాం. రెండు వర్షాకాలాలు గడిచేసరికి సగానికి పైగా కటకాల లోపల బూజు పట్టింది. ఫైలులో తప్పేమీ లేదు. ఆడిట్ వారు కూడా ఏమీ అనలేదు. మేము రాసిన సాంకేతిక వివరాల్లో 'తేమను తట్టుకోవాలి' అన్న ఒక్క వాక్యం లేదు, అంతే. ఆ కాగితం మీద సంతకం పెట్టినవారిలో నేనూ ఒకణ్ణి. సూక్ష్మదర్శిని పాడైతే విద్యార్థికి ఒక ప్రయోగం పోతుంది. గురి పరికరం పాడైతే పోయేది అంతటితో ఆగదు.

6. ఖర్చు లెక్క

ఇప్పుడు రెండు సైట్లను పోల్చుదాం. ఈ కింది అంకెలు లెక్క నేర్చుకోవడానికి ఊహించినవి మాత్రమే. మార్కెట్ ధరలుగా తీసుకోవద్దు. ఒక రైఫిల్‌కు పదేళ్ల కాలం లెక్కిద్దాం.

'అ' సైట్: ధర రూ. 10,000. రెండేళ్లకొకసారి మార్చాలి. అంటే పదేళ్లలో 5 సైట్లు, రూ. 50,000. మౌంట్ విడిగా రూ. 3,000. ఏటా 6 బ్యాటరీలు, ఒక్కొక్కటి రూ. 60 చొప్పున పదేళ్లకు రూ. 3,600. గురి తరచు తప్పుతుంది కనుక ఏటా మూడుసార్లు సరిచేయాలి. ఒక్కోసారి 10 తూటాలు, తూటా రూ. 40 చొప్పున పదేళ్లకు రూ. 12,000. మొత్తం రూ. 68,600.

'ఆ' సైట్: ధర మౌంట్‌తో కలిపి రూ. 35,000. పదేళ్లు నిలుస్తుంది. మధ్యలో ఒక మరమ్మతు రూ. 5,000. ఏటా ఒక బ్యాటరీ చొప్పున రూ. 600. ఏటా ఒకసారి గురి సరిచూడడానికి పదేళ్లకు రూ. 4,000. మొత్తం రూ. 44,600.

ధరలో 'అ' సైట్ మూడోవంతు కంటే తక్కువ. ఖర్చులో 'ఆ' సైట్ రైఫిల్‌కు రూ. 24,000 తక్కువ.

అయితే ఇక్కడితో ఆగకూడదు. 'అ' సైట్ నాలుగేళ్లు నిలిస్తే పదేళ్లలో 3 సైట్లు చాలు. అప్పుడు మొత్తం రూ. 48,600 అవుతుంది. ఇంకా 'ఆ' సైటే మేలు. అది ఐదేళ్లు నిలిస్తే 2 సైట్లే చాలు. మొత్తం రూ. 38,600 అవుతుంది. అప్పుడు 'అ' సైటే చౌక. అంటే తీర్పు మొత్తం ఒకే అంకెపై ఆధారపడి ఉంది: అది ఎన్నేళ్లు నమ్మకంగా పనిచేస్తుంది? ఆ అంకెను ధరల పట్టిక చెప్పలేదు, పరీక్ష మాత్రమే చెప్పగలదు. తక్కువ ధర సైట్‌ను పరీక్షించకుండా కొనడం ఎంత తప్పో, పరీక్షించకుండా తోసిపుచ్చడం కూడా అంతే తప్పు.

7. కొనుగోలు నిబంధనలు

ప్రభుత్వ కొనుగోలులో సాధారణంగా రెండు కవర్ల పద్ధతి ఉంటుంది. మొదట సాంకేతిక బిడ్ తెరుస్తారు. అందులో అర్హత పొందినవారి ఆర్థిక బిడ్లను తరువాత తెరుస్తారు. వారిలో అతి తక్కువ ధర రాసినవారిని ఎల్-1 అంటారు. నాసిరకం వస్తువు వస్తే అందరూ ఎల్-1 పద్ధతిని నిందిస్తారు. నిజానికి అర్హత లేని వస్తువు ఎల్-1 దాకా వచ్చిందంటే లోపం సాంకేతిక వివరాలను రాసిన కాగితంలో ఉంది.

పోలీసు పరికరాలకు ఉండవలసిన లక్షణాలను, వాటిని పరీక్షించే విధానాన్ని 1970లో ఏర్పడిన పోలీసు పరిశోధన, అభివృద్ధి సంస్థ రూపొందిస్తుంది. పోలీసు బలగాల ఆధునికీకరణకు కేంద్రం రాష్ట్రాలకు సాయమందించే పథకం 1969-70 నుంచి ఉంది. 2016లో మొదలైన ప్రభుత్వ ఈ-మార్కెట్‌ప్లేస్ ద్వారా కూడా శాఖలు కొనుగోలు చేయవచ్చు. 2017 నాటి మేక్ ఇన్ ఇండియా ఉత్తర్వు దేశీయ తయారీకి ప్రాధాన్యమిస్తుంది. 2020 జూలై 23 నాటి ఉత్తర్వు ప్రకారం మనతో భూసరిహద్దు ఉన్న దేశాల బిడ్డర్లు ముందుగా నమోదు చేసుకుని అనుమతి పొందాలి. రాష్ట్రాల కొనుగోళ్లకూ దీనిని వర్తింపజేశారు. చౌక సైట్లలో చాలా భాగం చైనాలో తయారవుతాయి కనుక ఈ నిబంధనను మొదటే చూసుకోవాలి.

కటకాల పరిశ్రమ మనకు కొత్తది కాదు. మచిలీపట్నంలో ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీగా పేరుపొందిన సంస్థ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో భాగమైంది. నేడు అక్కడ రక్షణ అవసరాలకు కాంతి పరికరాలు తయారవుతున్నాయి. దేహ్రాదూన్ కేంద్రంగా 2021లో ఇండియా ఆప్టెల్ లిమిటెడ్ ఏర్పడింది. మరమ్మతు కేంద్రం దేశంలోనే ఉండడం ఖర్చు లెక్కలో పెద్ద లాభం. విదేశానికి పంపిన సైట్ తిరిగివచ్చే దాకా రైఫిల్ కోత్‌లోనే ఉండిపోతుంది.

8. కొనడానికి ముందు పరీక్ష

ప్రతి నమూనా నుంచి కనీసం మూడు సైట్లు తీసుకోవాలి. ఒక్కటే తీసుకుంటే అమ్మకందారు ఏరి ఇచ్చినదే వస్తుంది. తరువాత ఈ క్రమం పాటించాలి.

మొదట 50 మీటర్ల దూరంలో ఐదు తూటాలు కాల్చి గురి కుదర్చాలి. దీనినే జీరోయింగ్ అంటారు. సవరణ మరను ఒక్కో నొక్కు తిప్పితే గురి 1 ఎంఓఏ జరుగుతుందనుకుంటే, 50 మీటర్ల వద్ద అది 1.45 సెం.మీ. తూటాలు 6 సెం.మీ. ఎడమకు పడితే కుడివైపుకు 4 నొక్కులు తిప్పాలి.

రెండవది, సైట్‌ను అరగంట బకెట్ నీటిలో ఉంచి లోపలికి చెమ్మ చేరిందేమో చూడాలి. మూడవది, ఖాళీ రైఫిల్‌ను ఎండలో నిలిపిన మూసిన జీపులో రెండు గంటలు ఉంచాలి. నాలుగవది, శుభ్రం చేయడానికి విప్పి మళ్లీ బిగించాలి. ఐదవది, 200 తూటాలు కాల్చాలి. ప్రతి దశ తరువాతా 50 మీటర్ల వద్ద ఐదు తూటాలు కాల్చి, వాటి మధ్యబిందువు మొదటి స్థానం నుంచి ఎంత జరిగిందో కొలిచి పుస్తకంలో రాయాలి. 2 ఎంఓఏ, అంటే 2.9 సెం.మీ. మించి జరిగిన సైట్ తప్పినట్లే.

9. సైట్ చేయలేని పని

సైట్ గొట్టానికి సుమారు 7 సెం.మీ. ఎత్తున ఉంటుంది. 50 మీటర్లకు గురి కుదిర్చిన రైఫిల్‌తో 5 మీటర్ల దూరంలో కాలిస్తే తూటా చుక్కకు సుమారు 6.3 సెం.మీ. దిగువన పడుతుంది. చుక్కకు గోడ అడ్డు లేకపోయినా గొట్టానికి అడ్డు ఉండవచ్చు. శిక్షణ లేనివారికి ఈ సంగతి తెలియదు. బ్యాటరీ అయిపోయినా, గాజు పగిలినా పని ఆగకుండా ఇనుప గురులను తీసేయకుండా ఉంచాలి, వాటితోనూ సాధన చేయించాలి. సైట్ల బడ్జెట్లో శిక్షణ తూటాల పద్దు లేకపోతే ఆ ప్రతిపాదన అసంపూర్ణం.

మరొక పరిమితి ఇంకా పెద్దది. విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం నాడు కోట వీధుల్లో లక్షల జనం ఉంటారు. అక్కడ ఎంత మంచి చుక్క అయినా లక్ష్యం వెనక ఎవరున్నారో చెప్పదు. కాల్చాలా వద్దా అన్నది అసలే చెప్పదు. రెండు కళ్లూ తెరిచి చూసే వీలు మాత్రం కల్పిస్తుంది. ఆ చూపును తీర్పుగా మార్చుకోవలసినది మనిషే.

మా విద్యార్థికి ఆనాడు నేను చెప్పిన జవాబు ఇది: "చుక్క ఉన్నా గురి తప్పుతుందండీ. కాని మీ వయసు కంటికి అది మేలు చేస్తుంది. కొనేటప్పుడు ధర ఒక్కటే కాకుండా మౌంటు, బ్యాటరీ, తూటాలు కలిపి లెక్క రాసి పైకి పంపండి. లెక్క సరిగా ఉన్న కాగితాన్ని కాదనడం కష్టం."

సారాంశం

రెడ్ డాట్ సైట్ ఎల్.ఈ.డి. కాంతిని సమాంతర కిరణాలుగా మార్చి, చుక్కనూ లక్ష్యాన్నీ ఒకేసారి స్పష్టంగా చూపుతుంది. ఉత్తరాంధ్ర గస్తీకి 2-3 ఎంఓఏ చుక్క, మూసిన నిర్మాణం, ఐపీ 67 రక్షణ, స్థానికంగా దొరికే బ్యాటరీ, రైఫిల్ గట్టి భాగానికి బిగిసే మౌంట్ కనీస అవసరాలు. చౌకదనాన్ని కొన్ననాటి ధరతో కాక నమ్మకంగా పనిచేసే ఒక్కో ఏడాదికి అయ్యే ఖర్చుతో కొలవాలి. ఆ ఏళ్లెన్నో పరీక్ష ద్వారానే తెలుస్తుంది. ఇనుప గురులు, శిక్షణ, విచక్షణ లేకుండా సైట్ ఒక్కటే ప్రయోజనమివ్వదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. 3 ఎంఓఏ చుక్క 100 మీటర్ల వద్ద ఎంత మేర లక్ష్యాన్ని కప్పుతుంది?
2. 30,000 గంటల బ్యాటరీ నిరంతరం వెలిగితే ఎన్నేళ్లు వస్తుంది?
3. రేకు మూతపై సైట్ బిగించడం ఎందుకు తగదు?

జవాబులు: 1. సుమారు 8.7 సెం.మీ. 2. సుమారు 3.4 ఏళ్లు. 3. శుభ్రం చేయడానికి మూత తీసిన ప్రతిసారీ, మూత కదిలిన ప్రతిసారీ గురి మారుతుంది.

నమూనా పరీక్ష ప్రశ్నలు

1. ఇనుప గురులతో పోల్చి రెడ్ డాట్ సైట్ పనిచేసే విధానాన్ని పటం సహాయంతో వివరించండి.
2. విభాగం 6లోని లెక్కలో 'ఆ' సైట్ ఏడేళ్లకే పాడైతే ఫలితం ఎలా మారుతుందో లెక్కించి వ్యాఖ్యానించండి.
3. "నాసిరకం కొనుగోలుకు కారణం ఎల్-1 పద్ధతి కాదు, సాంకేతిక వివరాల లోపం." ఈ అభిప్రాయాన్ని మీ కార్యాలయంలో గాని, మీ ఊరి పాఠశాలలో గాని జరిగిన ఒక కొనుగోలును ఉదాహరణగా తీసుకుని చర్చించండి.